సముద్రం లేని సీమలో... ఎన్ని సముద్రాలో!

మదనపల్లెకు ఎప్పుడైనా రైల్లో వెళ్లారా? ఊరు ఇంకా పది పన్నెండు కిలోమీటర్లు ఉందనగానే దింపేస్తుంది. స్టేషన్ పేరు మదనపల్లె రోడ్. స్టేషన్ ఉన్న ఊరి పేరు సీటీఎం. సీటీఎం అంటే చిన్నతిప్పసముద్రం! ఆ పక్కకు వెళ్తే పెద్దతిప్పసముద్రం. ఈ పక్కకు వస్తే రామసముద్రం. కుప్పం దాకా పోతే పరమసముద్రం. అసలు సముద్రాన్ని చూడాలంటే మాత్రం కొండలు దిగి, జిల్లాలు దాటి బంగాళాఖాతం దాకా పోవాల్సిందే.

మరి ఈ సముద్రాలన్నీ ఏమిటి? చెరువులు! వాన నీటిని ఆపడానికి పూర్వం పెద్ద చెరువు కట్టించి దానికి సముద్రమనో సాగరమనో పేరు పెట్టేవారు. చెరువు పేరే ఊరి పేరయ్యేది. పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో, అంటే మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు, బతుకంతా ఈ చెరువుల చుట్టూనే అల్లుకుంది. ఆ చెరువుల్ని మళ్లీ బతికించుకునే పని ఇప్పుడు ఎలా సాగుతోందో చూద్దాం... పదండి!

కొల్లేరుకు ఉన్న గౌరవం కుంటకు లేదా?

చిత్తడి నేలలు అనగానే మనకు గుర్తొచ్చేవి కొల్లేరు, పులికాట్, కోరింగ మడ అడవులు. ఫ్లెమింగోలు, బోట్లు, పర్యాటకులు. కొల్లేరుకు 2002లో రామ్‌సర్ గుర్తింపు కూడా దక్కింది. 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో కుదిరిన ఒప్పందం అది. దాని ప్రకారం చిత్తడి నేల అంటే సహజంగా ఏర్పడిందే కానక్కర్లేదు. మనిషి చేసింది కూడా కావొచ్చు. మన పొరుగున తమిళనాడులో పక్షులకు పేరుమోసిన వేదంతాంగల్ అలాంటిదే. అది ఓ సాగునీటి చెరువు. 2022లో రామ్‌సర్ జాబితాకెక్కింది.

అయితే మన దేశంలో 2017లో వచ్చిన చిత్తడి నేలల నిబంధనలు వేరే మాట చెబుతున్నాయి. సాగుకోసం, తాగునీటికోసం ప్రత్యేకంగా కట్టిన జలాశయాల్ని ఆ నిర్వచనంలోంచి తప్పించాయి. అంటే పడమటి మండలాల్లోని ఊరి చెరువులకు, కుంటలకు ఆ నిబంధనల అండ లేదన్నమాట. కొంగ వాలినా, బాతు ఈదినా, చేప పెరిగినా కాగితం మీద అది సాగునీటి వనరే.

అలాంటివి ఎన్ని ఉన్నాయో తెలుసా? కేంద్ర ప్రభుత్వం మొట్టమొదటిసారి చేయించిన జలవనరుల గణన నివేదిక 2023లో వచ్చింది. దేశం మొత్తం మీద 24 లక్షల పైచిలుకు చెరువులు, కుంటలు, జలాశయాలు లెక్కకొచ్చాయి. పశ్చిమ బెంగాల్, ఉత్తరప్రదేశ్‌ల తర్వాత మూడో స్థానం ఆంధ్రప్రదేశ్‌దే. ఇక్కడ 1.90 లక్షలు! ఇన్నింటినీ ఢిల్లీ నుంచో అమరావతి నుంచో ఎవరు కాపాడగలరు? కాపాడితే ఆ ఊరే కాపాడుకోవాలి. ఈ పని అక్కడే మొదలవుతుంది.

కొండ మీంచి చూస్తే...

మదనపల్లె దాకా వెళ్లి హార్స్‌లీ కొండలు ఎక్కకుండా వచ్చేవారు తక్కువ. 1,265 మీటర్ల ఎత్తు. ఏనుగు మల్లమ్మ కొండ అన్నది పాత పేరు. బ్రిటిష్ కాలంలో కడప కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ ఇక్కడ వేసవి విడిది కట్టుకోవడంతో పేరు మారింది. అందరూ చల్లగాలి కోసం వెళ్తారు. ఈసారి వెళ్తే కాసేపు కిందికి చూడండి. ఈశాన్య రుతుపవనాలు ముగిశాక అయితే మరీ మంచిది. కొండల మధ్య పల్లంలో అద్దం ముక్కలు పరిచినట్టు చెరువులు కనిపిస్తాయి. ఒకటి కాస్త పైన, ఇంకొకటి దాని కింద, మరొకటి ఇంకా కింద... పై చెరువు నిండి మరవ పోతే ఆ నీళ్లు వంకలో పడి కింది చెరువుకు చేరతాయి. అదే గొలుసుకట్టు.

ఇక్కడ ఏడాది పొడవునా పారే నది లేదు. నైరుతి వాన కొంత, ఈశాన్య వాన కొంత. అది కూడా నాలుగు రోజులు కుండపోత, నలభై రోజులు ఎండ. కింద ఉన్నది గ్రానైటు రాయి. నీళ్లు ఇంకేది పైనున్న కాస్త మట్టిపొరలో, రాతి పగుళ్లలో. అందుకే ఆ నాలుగు రోజుల వాననూ పరుగెత్తనివ్వకుండా ఆపడమే ఈ సీమలో సేద్యానికి మూలం. ఆపకపోతే బాహుదా, పింఛా కలిసి చెయ్యేరై, చెయ్యేరు పెన్నలో కలిసి, నెల్లూరు దగ్గర అసలు సముద్రానికే చేరుతుంది. 2021 నవంబరులో చెయ్యేరు ఉగ్రరూపం చూశాం. అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లు మునిగాయి. చెరువులన్నీ బాగుంటే ఆ వరద వచ్చేది కాదని ఎవరూ అనలేరు. కానీ పైన ఆగిన ప్రతి బిందెడు నీళ్లూ కింద తగ్గినట్టే కదా!

శాసనం చెప్పిన ఆరు దోషాలు

చెరువు కట్టడం ఎంత పెద్ద విద్యో తెలియాలంటే కడప జిల్లా పోరుమామిళ్ల శాసనం గురించి వినాలి. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు 1369లో అక్కడ అనంతరాజసాగరం అనే చెరువు కట్టించి శాసనం వేయించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల శ్రమ! మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలను, ఉండకూడని 6 దోషాలను ఆ శాసనంలో చెక్కించాడు. కట్ట గట్టిగా ఉండాలి, అడుగున బంకమన్ను ఉండాలి, పనితనం తెలిసిన మనుషులుండాలి... ఇవి అంగాల్లో కొన్ని. ఇక దోషాల్లో రెండు ఇప్పటికీ ఆలోచింపజేస్తాయి. ఒకటి, నీళ్లు తక్కువై పారాల్సిన నేల ఎక్కువ కావడం. రెండోది, రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం. ఈ రెండింటినీ గుర్తుపెట్టుకోండి. ముందు ముందు పనికొస్తాయి.

అప్పట్లో చెరువుకు ఓ మనిషి ఉండేవాడు... నీరుగట్టి. తూము ఎప్పుడు తెరవాలో, ఎవరి మడికి ఎంతసేపు పారాలో అతను చెప్పిందే మాట. పంట వచ్చాక కల్లంలో అతని వాటా అతనికి కొలిచేవారు. చెరువు నిండితే కట్ట మీద గంగమ్మకు పూజ. ఎండిపోతే ఊరంతా కలిసి పూడిక తీసి పొలాలకు తోలుకునేవారు. చెరువుకు లోతు పెరిగేది, పొలానికి బలం వచ్చేది.

తర్వాత కరెంటు మోటారు వచ్చింది. ఆ తర్వాత బోరు. ఎవరి నీళ్లు వారివి! తూము దగ్గర వంతు కోసం నిలబడాల్సిన పనిలేదు. నీరుగట్టి అక్కర్లేదు. కాలువ పూడిపోతే అడిగే దిక్కు లేదు. చెరువులోకి నీళ్లు తెచ్చే కాలువ పొలంలో కలిసిపోయింది, కాదంటే దాని మీద రోడ్డు పడింది. చెరువు గర్భంలో కంపచెట్లు మొలిచాయి. అటుపక్క బోరు లోతు వందల అడుగులు దాటి కొన్నిచోట్ల వెయ్యి అడుగులకు చేరింది. ఒక బోరు ఎండితే ఇంకొకటి. దాని కోసం అప్పు. ఆ అప్పు తీరడానికి మళ్లీ టమాటా. ఆ టమాటాకు మళ్లీ నీళ్లు... దేశంలోనే పేరున్న మదనపల్లె టమాటా మార్కెట్లో ధర ఒకరోజు ఆకాశంలో, ఇంకోరోజు పాతాళంలో. 2023 జులైలో కిలో రెండొందల రూపాయల దరిదాపుల్లోకి పోయింది. అదే పంటను గిట్టుబాటు కాక రోడ్డు పక్కన పారబోసిన రోజులూ ఉన్నాయి. ధర మన చేతిలో లేదు. నీళ్లయినా ఉన్నాయా?

చెరువు పని కొండ మీద మొదలు

ఈ ప్రశ్నతోనే మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో పనిచేస్తోంది ఓ స్వచ్ఛంద సంస్థ... ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ. అందరూ ఎఫ్ఈఎస్ అంటారు. దీని మూలాలు గుజరాత్‌లోని ఆనంద్‌లో ఉన్నాయి. అవును, పాల విప్లవం పుట్టిన ఊరే! పాల సహకార సంఘాల్లాగే బంజరు భూముల్లో చెట్లు పెంచే రైతుల సహకార సంఘాలు పెట్టాలని 1980ల్లో జాతీయ డెయిరీ అభివృద్ధి బోర్డు తలపెట్టింది. ఆ ప్రయత్నమే పెరిగి పెరిగి 2001లో ఎఫ్ఈఎస్‌గా మారింది. ఊరి ఉమ్మడి ఆస్తుల్ని ఊరివాళ్లే చూసుకునేలా చేస్తున్నందుకు 2013లో ఎలినార్ ఆస్ట్రమ్ పేరిట ఇచ్చే అంతర్జాతీయ పురస్కారం అందుకుంది. ఎవరీ ఎలినార్ ఆస్ట్రమ్? 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న తొలి మహిళ. ఉమ్మడి ఆస్తి అంటే పాడైపోవడం ఖాయమన్న వాదన తప్పని, మనుషులు కూర్చుని నియమాలు పెట్టుకుంటే తరాల తరబడి కాపాడుకోగలరని ఆవిడ చూపించారు. మన నీరుగట్టి కథ కూడా అదే కదూ!

చెరువు బాగు చేయడమంటే మనకు తెలిసింది జేసీబీ తెచ్చి తవ్వడం. ఎఫ్ఈఎస్ లాంటి సంస్థల లెక్క వేరు. వాళ్లు ముందు చెరువు దగ్గరికి కాదు, కొండ దగ్గరికి పోతారు. కొండ బోడిగా ఉంటే వాన పడిన ప్రతిసారీ మట్టి కొట్టుకొచ్చి చెరువు పూడుతుంది. ఎన్నిసార్లు తవ్వినా అంతే. అందుకే కొండవాలులో కందకాలు తవ్వి, విత్తనాలు చల్లి, కొన్నాళ్లపాటు మేపు ఆపి కసువు పెరగనిస్తారు. కసువు పెరిగితే నీళ్లు నడుస్తాయి. లేకపోతే పరుగెడతాయి. నడిచే నీళ్లు ఇంకుతాయి. పరుగెత్తే నీళ్లు మట్టిని మోసుకొస్తాయి.

రెండోది కాలువ. గ్రామ పటం తీసి, కాలువ ఎక్కడి నుంచి ఎక్కడికి ఉండాలో చూసి, ఇప్పుడెక్కడ ఉందో పోల్చుకోవాలి. ఇక్కడే అసలు తగాదా. ఆక్రమించింది పక్కింటివాడే. చుట్టమే. పంచాయతీలు, చెరువులు, ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణల్ని తొలగించాలని 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. కానీ కోర్టు తీర్పు చేతిలో ఉన్నంత మాత్రాన పొద్దున లేస్తే ముఖం చూసుకోవాల్సిన మనిషితో గొడవకు దిగేదెవరు? అందుకే ఊరంతా కూర్చుని మాట్లాడుకోవాలి. ఒక్కరు అడిగితే పగ. ఊరు అడిగితే న్యాయం.

మూడోది చెరువు. పూడిక తీయడం, తూము, మరవ బాగు చేయడం. ఇందులోనూ మెలకువ ఉంది. అడుగున బంకమట్టి పొరను చీల్చేలా ఇష్టమొచ్చినట్టు తవ్వితే నీళ్లు నిలవవు. ఇటుకల బట్టీకి మట్టి కావాలని ఓ మూల గొయ్యి తవ్వితే ఉన్న నీళ్లన్నీ ఆ గోతిలోకే చేరి తూముకు ఎక్కవు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కింద, 2015లో మొదలైన నీరు-చెట్టు కింద ఎన్నో చెరువుల్లో పని జరిగింది. యంత్రంతో అయితే పది రోజుల పని. కొండ, కాలువ పనికే ఏళ్లు పడుతుంది!

పుంగనూరు ఆవు చెప్పే పాఠం

మదనపల్లె నుంచి 42వ నంబరు జాతీయ రహదారి మీద పుంగనూరు వైపు సాగండి. దారి పక్కన మల్బరీ తోటలు, టమాటా మళ్లు, రాగి చేలు. పుంగనూరు అనగానే గుర్తొచ్చేది పొట్టి ఆవు. ప్రపంచంలోనే అతి చిన్న ఆవు జాతుల్లో ఒకటి. కాస్త మేతతో బతికేస్తుంది, కరవును తట్టుకుంటుంది. ఈ కరవు నేలకు, ఈ ఊరి బీళ్లకు సరిపోయేలా తయారైన ఆవు అది. పలమనేరులోని పశు పరిశోధన కేంద్రంలో ఆ జాతిని కాపాడే పని జరుగుతోంది.

ఆవును కాపాడితే సరే... అది మేసే బీడును? చెరువు, కొండ, బీడు మూడూ ఒక్కటే. ఎండాకాలం చెరువులో నీళ్లు తగ్గేకొద్దీ అంచున పచ్చగా కసువు లేస్తుంది. భూమిలేని ఇంటికి ఆ కసువే పాడి. చెరువులో చేపలున్నాయి, బట్టలు ఉతికే రాయి ఉంది, కుండలు చేసేవారికి మన్ను ఉంది. ఇక్కడ ఒకరి లాభం ఇంకొకరికి నష్టం కూడా. చేపలు పట్టేవాళ్లకు నీళ్లు త్వరగా తగ్గాలి. బోర్లున్న రైతులకు తూము మూసేసి నీళ్లన్నీ ఇంకిపోవాలి. బోరు లేని ఆయకట్టు రైతుకు తూము తెరవాలి. పశువులున్నవారికి వేసవి దాకా నాలుగు గుక్కలు మిగలాలి. ఎవరి మాట నెగ్గాలి? నిండిన చెరువు ఈ ప్రశ్నను తీర్చదు. పైగా నీళ్లొచ్చాకే ఈ తగాదా పెద్దదవుతుంది!

దీనికి పరిష్కారం ఏ పుస్తకంలోనూ ఉండదు. మొగుడూ పెళ్లాం, పెద్దా చిన్నా, పొలమున్నవారూ లేనివారూ అందరూ ఉన్న ఊరి సభలో తేలాలి. ఎఫ్ఈఎస్ పట్టుబట్టేది ఇక్కడే... సంఘంలో ఊళ్లోని పెద్దవాళ్లందరికీ, ఆడవాళ్లకు కూడా, సభ్యత్వం ఉండాలని.

నీళ్లాట... నిజంగానే!

బోరు నీళ్లు కంటికి కనిపించవు. కనిపించని దాన్ని పంచుకునేదెలా? దీనికోసం ఎఫ్ఈఎస్, అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధన సంస్థ నిపుణులు కలిసి మన రాష్ట్రంలోని ఇలాంటి రాతి నేలల పల్లెల్లో ఓ ఆట ఆడించారు. ఆటలో అందరికీ భూమిలో ఉన్న నీళ్లు ఒక్కటే. ప్రతివారూ ప్రతి పంటకాలంలోనూ రెండు పంటల్లో ఒకటి ఎంచుకోవాలి. ఒకటి నీళ్లు తక్కువ తాగి తక్కువ డబ్బిస్తుంది. ఇంకొకటి ఎక్కువ తాగి ఎక్కువ ఇస్తుంది. మొదట ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు. ఇంకేముంది, డబ్బొచ్చే పంటకే ఎగబడితే నాలుగు పంటలకే నీళ్లు ఖాళీ! తర్వాత మాట్లాడుకోనిస్తారు. ఆట అయిపోయాక ఊరంతా కూర్చుని ఏం జరిగిందో చర్చించుకుంటారు.

ఆటే కదా అని తీసిపారేయకండి. ఆట ఆడిన ఊళ్లలో నీటి లెక్కల పుస్తకం పెట్టుకోవడం, నీటి వాడకానికి నియమాలు చేసుకోవడం ఎక్కువగా కనిపించిందని 2018లో వెలువడిన పరిశోధన తేల్చింది. ఈ ఏడు ఎంత వాన పడింది, బావుల్లో మట్టం ఎంత, ఏ పంట వేస్తే ఎన్ని నీళ్లు కావాలి అని ఇంటి జమాఖర్చులాగే ఊరి నీటి జమాఖర్చు రాసుకోవడమన్నమాట. శాసనం చెప్పిన మొదటి దోషం గుర్తుందా? నీళ్లు తక్కువ, పారాల్సిన నేల ఎక్కువ. ఆరున్నర శతాబ్దాల తర్వాత ఆట రూపంలో మళ్లీ అదే పాఠం!

కుప్పంలో మూడు రాష్ట్రాల నీళ్లు

పలమనేరు, వి.కోట దాటి కుప్పం చేరితే భాషే మారిపోతుంది. ఒకే వీధిలో తెలుగు, తమిళం, కన్నడం. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం ఇక్కడ పెట్టడానికి ఇంతకన్నా మంచి చోటు ఏముంటుంది? నీళ్లకూ మూడు రాష్ట్రాల చుట్టరికమే. కర్ణాటకలో పుట్టిన పాలారు మన రాష్ట్రంలో పారేది 33 కి.మీ. మాత్రమే. తర్వాత తమిళనాడులో 222 కి.మీ. పారి సముద్రంలో కలుస్తుంది. ఇక్కడ పాలారు మీద చెక్‌డ్యాం ఎత్తు పెంచితే 2016లో తమిళనాడు సుప్రీంకోర్టుకెక్కింది. రెండు రాజ్యాల సరిహద్దు... శాసనం చెప్పిన రెండో దోషం! మనం పైన ఆపిన నీళ్ల కోసం కింద ఇంకెవరో ఎదురు చూస్తుంటారన్నది మరిచిపోకూడదు.

కుప్పం ప్రజలు ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఇంకో నీరు ఉంది. కృష్ణమ్మ! హంద్రీ-నీవా కాలువల్లో శ్రీశైలం నుంచి 700 కి.మీ.కు పైగా ప్రయాణం చేసి, మెట్టు మెట్టుకూ మోటార్లతో ఎక్కి వచ్చిన నీళ్లకు 2025 ఆగస్టు 30న పరమసముద్రం చెరువు దగ్గర ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు జలహారతి ఇచ్చారు. కరవు చూసిన కళ్లకు అదెంత పండగో చెప్పక్కర్లేదు.

కృష్ణా నీళ్లు వచ్చాయి కదా, ఇక సొంత కాలువలు, కొండలు ఎందుకనిపిస్తుందా? ఆ నీళ్లను నిలపాల్సింది మళ్లీ ఈ చెరువులే. పూడిపోయిన చెరువులో కృష్ణ పోసినా, వాన పోసినా నిలిచేది అంతే. పైగా అంత దూరం నుంచి, అంత ఎత్తుకు, అంత కరెంటుతో వచ్చే నీరు ఏటా ఎంత వస్తుందో శ్రీశైలం నిండటాన్ని బట్టి ఉంటుంది. కొండ మీంచి దిగి వచ్చే వాన నీటికి మోటారు అక్కర్లేదు. కాలువ ఒక్కటి ఉంటే చాలు. దూరపు చుట్టం వచ్చాడని ఇంట్లో మనిషిని వీధిలోకి పంపుతామా?

వెళ్తే ఏం చూడాలి?

నవంబరు నుంచి జనవరి దాకా మంచి కాలం. సీటీఎంలో దిగి మదనపల్లె చేరుకోవచ్చు. కుప్పం అయితే చెన్నై-బెంగళూరు రైలు మార్గంలోనే ఉంది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ కూడా చూడదగ్గది. జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన పాఠశాల అది, కాబట్టి ముందుగా అనుమతి తీసుకోవాలి. ఒకప్పటి బోడి లోయలో దశాబ్దాలపాటు మొక్కలు పెంచి, వాన నీటిని ఇంకించారు. పచ్చదనం వెంట పక్షులొచ్చాయి. 1991లో ఆ లోయ పక్షుల సంరక్షణ ప్రాంతమైంది. కొండ పచ్చబడితే ఏమవుతుందో పిల్లలకు చూపించడానికి అంతకన్నా మంచి పాఠం లేదు.

దారిలో ఏదో ఓ ఊరి చెరువు దగ్గర బండి ఆపండి. కట్ట మీద నిలబడి ఫొటో తీసుకోండి, తప్పులేదు. నిండిన చెరువు అందరికీ కనిపిస్తుంది. కనిపించనిది వెనకాల ఉంది. చెరువుకు అవతలి వైపు, నీళ్లు వచ్చే వైపు నాలుగడుగులు వేయండి. కాలువ ఉందా? కాలువలో మట్టి ఉందా, నీటి జాడ ఉందా? దాని ఒడ్డున ఎవరైనా గోడ కట్టారా? కాలువ పట్టుకుని పోతే కొండ దాకా దారి దొరుకుతుందా? దొరికితే ఆ ఊళ్లో మనుషులు ఇంకా కలిసి కూర్చుంటున్నారని అర్థం. దొరక్కపోతే నిన్నటి వానకు నిండిన ఆ నీళ్లు అదృష్టమే తప్ప ఆస్తి కాదు.

ఇంటికొచ్చాక మీ సొంతూరి చెరువుకు నీళ్లు ఎటునుంచి వస్తాయో ఓసారి పెద్దవాళ్లను అడిగి చూడండి. చెప్పగలిగే మనిషి ఉండగానే!